వాతావరణ వార్తల ముందు పన్నెండు సెకన్లు

మా ఊరు వూచ్. మా భాషలో పడవ అని అర్థం.
పడవే గానీ నది కనపడదు,
ఉన్న ఏళ్ళని ఎప్పుడో మిల్లుల కింద పూడ్చేశారు.
నేను ట్రామ్ నడుపుతాను.
పాత మార్కెట్ మలుపులో చక్రం పట్టాని గీరినప్పుడల్లా
అది ఏ స్వరమో చెప్పగలను.
నా గొప్ప కాదు. సెవెరిన్ గవ్రోన్ నేర్పిన చెవి.

గవ్రోన్ అంటే మా దగ్గర ఒక జాతి కాకి.
ఇంటిపేరు కాకి, చెయ్యి కోయిల
అంటుంది తెక్లా,
ఒకప్పుడు స్టూడియోలో సినిమాలకి
బూట్ల చప్పుళ్ళు చేసి బతికిన ముసలామె.

ఒక్క మనిషే ఇవన్నీ చేశాడంటే నమ్మరు.
ముట్టడి సినిమాలో రొట్టె కోసం వరసకట్టిన ఆడవాళ్ళ మీద
ఒకే ఒక సెల్లో. బాంబులు పడే చోట ఏమీ లేదు,
నిశ్శబ్దానికి కూడా డబ్బు పుచ్చుకున్నాడని నిర్మాత గొణిగాడట.
పిల్లల ముళ్ళపంది బొమ్మకి తుమ్ముతూ నడిచే బసూన్.
రాత్రి ఎనిమిదింటి డిటెక్టివ్ సీరియల్‌కి
మా ట్రామ్ మలుపునే వయొలిన్ మీద గీయించాడు.
ఆ అరగంటా ఊళ్ళో దొంగలూ టీవీ ముందే.
బట్టల సబ్బుకీ రాశాడు, దాచుకోలేదు.
"ఆ డబ్బుతోనే మా అమ్మాయి పళ్ళు సరిచేయించాను" అన్నాడొకసారి.
పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే బోగ్నా
ఆ ఒక్క మాటకే మాలో చేరింది.

మేమంటే పదకొండు మందిమి.
నెలకోసారి లూత్స్యాన్ గడియారాల కొట్టు వెనక గదిలో,
పాత టేపులు, ఉప్పునీట ఊరిన దోసకాయలు,
సెల్లో గొప్పదా బసూన్ గొప్పదా అని తగువులు.
ఆ తగువుతో ఇద్దరు ఆరు నెలలు మాట్లాడుకోలేదు.
వాళ్ళు మొగుడూ పెళ్ళాలు.

ఆయనకి ఎనభై ఆరు నిండాయని
అక్టోబరులో సంగీత మందిరంలో సభ పెట్టారు.
అరవైమంది వాద్యకారులు.
సెల్లోకి హాలంతా ఊపిరి బిగబట్టింది.
ముళ్ళపందికి ఈలలు వేసింది బట్టతలల వాళ్ళు.
ఆఖర్న ఆయన్ని కుర్చీతో సహా ముందుకు తెచ్చి
ఇంకేమైనా వింటారా అని మర్యాదకి అడిగారు.

తెక్లా లేచింది.
"వాతావరణం" అంది.

ఆయన చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు.
"ఏ వాతావరణం?"

రాత్రి వార్తలయ్యాక పన్నెండు సెకన్ల పియానో.
ఎవరి పేరూ వేయలేదు. పదహారేళ్ళు మోగింది.
అది వినపడగానే మా అమ్మ కోటు తొడుక్కునేది,
నేతమిల్లు రాత్రి డ్యూటీకి,
రేపు ఎండో వానో వినకుండానే
తలుపు దగ్గరికి లాగేసుకుని వెళ్ళేది.

"నాది కాదేమో" అన్నాడు.
నటన కాదు, నిజంగానే మరిచిపోయాడు.
వాద్యకారుల దగ్గర కాగితం లేదు.

అప్పుడు, ఎవరు మొదలెట్టారన్నది ఇప్పటికీ తేలలేదు,
ఎవరో మూసిన నోటితోనే ఎత్తుకున్నారు.
బోగ్నా అందుకుంది. లూత్స్యాన్ శ్రుతి తప్పుతూ.
ఆ మొగుడూ పెళ్ళాలు.
కోట్లు భద్రపరిచే ఆవిడ టోకెన్లు గుప్పిట్లో పట్టుకుని
గుమ్మంలోకి వచ్చి.
తర్వాత బాల్కనీ. తర్వాత ఎవరు కాదో చెప్పలేను.

ఆయన వేళ్ళు మోకాలి మీద కదిలాయి,
ముందు ఎడమ చెయ్యి.
ఏడో సెకను దగ్గర ఆగిపోయి
చిరాగ్గా తల ఊపాడు.
"అక్కడ అర మెట్టు కిందకి. అక్కడ నేను వాన పెట్టాను.
ఇన్నేళ్ళుగా అందరూ తప్పు పాడుతున్నారా?"

మూడుసార్లు పాడించాడు, బడిపంతులు లాగా.
మూడోసారి వాన పడింది.

మా అమ్మ పొద్దున్నే తడిసి వచ్చి
కొంగులాంటి ఆ ఊలు శాలువా పొయ్యి మీద ఆరేసేది.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చప్పట్లు మొదలయ్యాయి.

నవంబరులో మళ్ళీ కలిశాం.
మనం పాడిన తప్పే బాగుందని లూత్స్యాన్ వాదన.
కట్టినవాడికి తెలీదా అని బోగ్నా.
మొగుడూ పెళ్ళాలు చెరో పక్షం,
వేరువేరు ట్రాముల్లో ఇంటికి వెళ్ళారు.
ఒకటి నాదే.
ఆవిడ నా వెనక సీట్లో కూచుని
మలుపు దాకా ఒకలా, మలుపు దాటాక ఇంకోలా
గునుస్తూనే ఉంది.